పోతులయ్య కాలు లేచింది

ధర్మవరం ఈరక్కను నేను మరిచిపోలేను. పదహారేళ్లకే పెళ్లయి, నేతగాడు పోతులయ్య మగ్గం పక్కన ఇరవై ఏళ్లు కూర్చుంది. పొద్దు గూకితే "ఇంక చాలు, మగ్గం దిగు" అని రోజూ కసిరేదట. 2001లో హిందూపురంలో మా చిన్న ఆస్పత్రికి వచ్చినప్పుడు ఆమె చీరంతా మొగుడి రక్తమే. నేనక్కడ నర్సును.

వీధిలో చాచిన పట్టు పడుగు దారాల మీద ఎవడో ట్రాక్టరు ఎక్కించాడు. అడ్డం పోయిన పోతులయ్యను ఆ మొనగాడు గడ్డపారతో నెత్తిన కొట్టాడు. అనంతపురం దోవలో వాడి మనుషులు కాపు కాశారని, జీపును పెనుకొండ మీదుగా మా దగ్గరికి తెచ్చారు.

మూడోనాడు డాక్టరు కంటి నల్లగుడ్డును దూదితో తాకాడు, చెవిలో చల్లటి నీళ్లు పోశాడు. ఉలుకూ పలుకూ లేదు. అయినా ఫిట్సుకిచ్చిన మత్తు పూర్తిగా దిగాలని ఆగాడు. ఐదోనాడు ఆ పరీక్షలన్నీ మళ్లీ చేసి, ఊపిరి మిషను కాసేపు ఆపి, సొంత ఊపిరి లేదని చూశాక మెదడు చచ్చిపోయిందన్నాడు.

అప్పుడే దుప్పటి సర్దుతూ అరికాలు తాకాను. మోకాలు ముడుచుకుని కాలు పైకి లేచింది. నా చేతులు పడిపోను, ఎందుకు తాకానో!

"బతికుండోన్ని చంపుతాండావేమిరా" అంటూ పోతులయ్య తమ్ముడు ఓబుళప్ప సెలైన్ స్టాండుతో డాక్టరు చెయ్యి విరగ్గొట్టాడు. రెండో దెబ్బకు నా పన్ను ఊడింది. అది వెన్నుపాము పని, మెదడుది కాదని డాక్టరు నేలమీద నుంచే మొత్తుకున్నాడు. వినే నాథుడేడీ?

ఈరక్క లేచి మొగుడి అరికాలు నొక్కింది. కాలు పైకి లేచింది. మళ్లీ నొక్కింది. మళ్లీ లేచింది.

"అరికాలికి ఏం తగిలినా మగ్గం చెక్క అనుకోని కిందికి తొక్కుతాడు మీయన్న. నిద్దర్లో గూడా అంతే. ఇట్ల పైకి లేపేది ఆయప్ప కాదు ఓబుళా."

"నీకు మొగుడు బరువైనాడా" అని వాడు స్టాండు ఎత్తాడు. ఈరక్క వాడి చెంప పగలగొట్టింది. వాడు అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఆమె ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేశాక మిషను తీశారు. కాసేపటికి ఆ కాలు మళ్లీ కదిలింది. నేను ఒకడుగు వెనక్కి వేశాను. ఈరక్క మాత్రం రెండు పాదాలూ ఒళ్లో పెట్టుకుని, అవి ఆగేదాకా గట్టిగా పట్టుకుంది.

"ఇంక చాలు, మగ్గం దిగు" అన్నది.