ఆ డైని రుద్దింది నేనే

నా భార్య పోయి ఇరవై మూడు రోజులైంది. పొద్దున లేవలేదు. గుండె ఆగిందన్నారు డాక్టరు. క్లబ్బు సంచికకు ఆమె గురించి నాలుగు మాటలు రాయమని కార్యదర్శి అడిగారు. ఎనిమిదేళ్లుగా ఆమె పేరు మీద ఉన్న ఒక తప్పును రాయకుండా ఆ నాలుగు మాటలు నాకు రావడం లేదు. ఆ తప్పు నాది.

కరీంనగర్‌లోని మా పిస్టల్ క్లబ్బుకు, కాల్చిన తూటాల ఇత్తడి గుల్లలను మళ్లీ నింపుకునే అనుమతి ఉంది. ఆ పని ఆమెది. నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పేవాణ్ణి. ఆమె ఐటీఐలో ఫిట్టర్ కోర్సు చేసింది. వాళ్ల బాపు మరమగ్గాలు బాగుచేసేవారు. ఇనుము ఎక్కడ అరిగిందో వేలితో తడిమి చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకుంది.

క్లబ్బులోని డైలు, అంటే ఉక్కు అచ్చులు, ఆమెకన్నా పాతవి. కాల్చిన గుల్ల ఉబ్బుతుంది. దాన్ని ఉక్కు డైలోకి నొక్కితే మళ్లీ కొలతకు వస్తుంది. అప్పుడే కొత్త గుండు అందులో బిగుతుగా నిలుస్తుంది. డై మొరాయిస్తే ఆమె తొందరపడేది కాదు. గుల్ల మీద గీత పడితే ముందు మట్టిని అనుమానించేది, కిరోసిన్ గుడ్డతో తుడిచేది. ఇరుక్కుంటే నూనె తక్కువైందేమో చూసేది. డైని తప్పుపట్టడం అన్నిటికన్నా చివర.

“ముసలి డై సారూ. దాని మాట మనం ఇనాలె, మన మాట దానికి జెప్పుడు గాదు,” అనేది. అందరూ పిలిచినట్టే ఆమె కూడా నన్ను సారూ అనేది, కాస్త వెక్కిరింత కలిపి.

నింపిన తూటాల్లో కొన్ని తీసి, మొనను బల్ల అంచుకు ఆనించి బొటనవేలితో గట్టిగా నొక్కి, గుండు జారలేదు కదా అని మళ్లీ కొలిచేది. ఇంట్లోనూ అంతే. తాళం వేశాక మూడుసార్లు లాగేది. గ్యాస్ కట్టేశానని నేను చెప్పినా వెళ్లి చూసి వచ్చేది. నాకు విసుగొచ్చేది.

ఎనిమిదేళ్ల కింద ఒక ఆదివారం ఉదయం ఆమె యాభై తూటాలు పెట్టెలో సర్ది, పరీక్షకు పది విడిగా ఉంచి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. మెట్‌పల్లి బట్టల వ్యాపారి, మా క్లబ్బు సభ్యుడు, పోటీకి ఆలస్యమవుతోందని తొందరపడుతున్నాడు. పెట్టె తీసి నేనే ఇచ్చాను. ఆమె తిరిగొచ్చి ఆ పదిలో మొదటి తూటాను నొక్కింది. గుండు లోపలికి జారింది. రెండోదీ జారింది.

గుండు లోపలికి జారితే మందుకు చోటు తగ్గుతుంది. కాల్చినప్పుడు ఒత్తిడి పెరిగి పిస్టల్ చేతిలోనే పగలొచ్చు.

“పెట్టె ఏది సారూ?” అంది.

కాల్చే రేంజి ఊరి బయట ఉంది. ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారు. ఆయన ఎత్తలేదు. స్కూటర్ తీశాను, ఆమె వెనక కూర్చుంది. రైల్వే గేటు పడి ఉంది. బొగ్గు వ్యాగన్లు పోతూనే ఉన్నాయి. వెనక్కి తిరగకుండానే చెప్పాను. గుల్లల మీద గీతలు పడుతున్నాయని ఆమె అనగా విని, సాయం చేద్దామని, రెండు రోజుల కింద డ్రిల్లుకు ఎమరీ గరుకు కాగితం చుట్టి ఆ డై లోపల రుద్దింది నేనేనని.

“ఎంతసేపు రుద్దిండ్రు?”

“పావుగంట.”

అంతసేపు రుద్దితే డై లోపల వెడల్పవుతుంది, గుల్ల గుండును గట్టిగా పట్టదు. “రుద్దిండ్రు సరే. జెప్పలే. గదే నాకు భయమైతుంది,” అంది.

రేంజి దగ్గరికి వచ్చేసరికి మోతలు వినబడుతున్నాయి. ప్రతి మోతకూ ఆమె వేళ్లు నా భుజంలోకి దిగాయి. మెట్‌పల్లి ఆయన అప్పటికే మూడు కాల్చాడు. నాలుగోది పిస్టల్‌లో ఉంది.

“భాయ్, ఆపుండ్రి. కింద వెట్టుండ్రి,” అంది ఆమె.

ఆయన దించాడు. “ఏమైంది ఆపా, నా గురి గంత అధ్వానంగ ఉందా?” అని నవ్వాడు; అక్కా అన్నట్టు ఆమెను ఆపా అనేవాడు. ఆమె ఆ నాలుగో తూటాను తీసి కొలిచి ఆయన అరచేతిలో పెట్టింది. గుండు లోపలికి దిగి ఉంది. ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ మూడు తూటాలకూ పిస్టల్ ఎలా పగలలేదో మాకెవరికీ తెలియదు.

కార్యదర్శి వచ్చి ఇది ఎవరి తప్పని అడిగారు. “డై నా చేతిల ఉండేది. జిమ్మేదారి నాదే,” అంది. నేను పక్కనే ఉన్నాను. మాట్లాడలేదు.

తప్పు ఆమెదని క్లబ్బు పుస్తకంలో రాసి, ఆమెను ఆరు నెలలు పనికి దూరం పెట్టారు. ఆ ఆరు నెలలూ మెట్‌పల్లి ఆయన పోటీలకు పోలేదు. ఆపా చేతి తూటా అయితేనే తనకు భరోసా అన్నాడు. ఇంట్లో ఆమె ఆ మాట ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, బియ్యం ఏరుతూ, “మీరే జెప్తరేమో అని సూసిన,” అంది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు చెబుతున్నాను. డైని పాడుచేసింది నేను. పరీక్ష కాని పెట్టెను ఇచ్చింది నేను. క్లబ్బు పుస్తకంలో ఆమె పేరు కొట్టేసి నా పేరు రాయండి.

ఆ మధ్యాహ్నం రేంజి మెట్ల మీద కూర్చుని, మిగిలిన నలభై ఏడు తూటాలనూ ఆమే విప్పింది. సుత్తిలాంటి పనిముట్టులో ఒక్కొక్కటి బిగించి చెక్కదిమ్మ మీద కొడితే గుండు ఊడేది. వాటిని స్టీలు పళ్లెంలో నేను పట్టుకున్నాను. నా చెయ్యి వణికి, గుండ్లు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. ఆమె తలెత్తలేదు. కుడిచేత్తో కొడుతూనే ఎడమచెయ్యి పళ్లెం కింద పెట్టింది. చప్పుడు ఆగింది.