తమ్ముడి పద్యంలో నాలుగో పాదం

మొన్న మా మనవరాలు పెరట్లో చంటివాడికి తలంటి పోస్తుంటే గుమ్మంలో కూర్చుని చూస్తున్నాను. ఆఖరి చెంబు నీళ్ళు గబుక్కున కుమ్మరించి, తుండు చుట్టి ఎత్తుకుపోయింది. అదేమిటే, పద్యం చదవవా అని నోటిదాకా వచ్చింది. దాని తప్పేముంది పాపం, ఆ ముచ్చట మా పుట్టింటితోనే సరి.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆనకట్ట కట్టాక కాలవ నీళ్ళు మా ఊళ్ళకు కొత్తగా వచ్చిన రోజులవి. మాలో ఎవరు పుట్టినా నాన్నగారు బారసాలనాడు ఒక ఆటవెలది అల్లేవారు. కాగితం మీద పెట్టడమన్న మాటే లేదు. తలంటినప్పుడల్లా ఆఖరి చెంబు పోస్తూ అమ్మ ఆ బిడ్డ పద్యం చదివేది. అక్కది అక్కకు, నాది నాకు, తమ్ముడిది తమ్ముడికి. వాడిదే అన్నిటికంటె బాగుందని నేను ఉడుక్కుంటే అమ్మ నవ్వేది.

వాడికి నాలుగో ఏట వాంతిభేది తగిలింది. పొద్దున్న ఆడుకున్న పిల్లవాడు సాయంత్రానికి లేడు. ఆ తరువాత అమ్మ మా ఇద్దరి పద్యాలూ చదివేదిగాని, వాడిది ఎత్తేది కాదు. ఇప్పుడంటే రాజమండ్రి వెళ్తే ఫోటో తీసేవాళ్ళున్నారు, అప్పుడేరీ? వాడిదంటూ మిగిలింది ఆ పద్యం ఒక్కటే. ఏళ్ళు గడిచాక, అక్కా నేనూ పుట్టింట కలుసుకున్నప్పుడు గుర్తుచేసుకోబోతే మూడు పాదాలే వచ్చాయి, నాలుగోది ఎంత తల బద్దలుకొట్టుకున్నా రాలేదు. నాన్నగారిని అడిగితే “మర్చిపోయానమ్మా” అని కండువా దులుపుకుని వీధిలోకి వెళ్ళిపోయారు. తాను అల్లినది తనకే గుర్తులేదట! నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మనడిగే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. తరువాత నాన్నగారూ పోయారు, అక్కా పోయింది. ఇక ఆ పాదం దక్కదని కుమిలిపోయాను.

చివరి రోజుల్లో అమ్మకు మతి నిలిచేది కాదు. నన్ను పట్టుకునే “ఏ ఊరండీ మీది?” అని మర్యాదగా అడిగేది. ఒకనాడు నేను నీళ్ళు పోస్తుంటే చెంబు నా చేతిలోంచి తీసుకుని, పెరటి తలుపువైపు చూస్తూ తమ్ముడి పద్యం ఎత్తుకుంది, ఎక్కడా తడుముకోకుండా నాలుగో పాదందాకా చదివింది.

“చిన్ని కాళ్ళ రమ్ము చెంతకయ్య.”

చదివి, వాడు వస్తాడని ఆ తలుపువైపే చూస్తూ ఉండిపోయింది.

నాన్నగారికి అది ఎందుకు నోట రాలేదో, అమ్మ అన్నేళ్ళు ఎందుకు దాచుకుందో అప్పుడర్థమైంది. రాలేనివాణ్ణి రమ్మని ఎలా పిలుస్తారు? ఇప్పుడు పిల్లల కోసం పద్యాలు అల్లే తండ్రులు లేరు, అమ్మా లేదు. వాడి ముఖం నాకెప్పుడో చెరిగిపోయింది. ఆ పద్యం వచ్చినదాన్ని ఈ లోకంలో నేనొక్కదాన్నే. ఆ నాలుగో పాదం ఇక్కడ రాయగలిగానుగాని, పైకి చదవమంటే నాకూ నోరు రాదు.