కాలవ గట్టు మీద గుండె అంకె

గుండె కొట్టుకుంటుందని అందరికీ తెలుసు. అది కొట్టుకోవడం కంటితో చూసిన రోజు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తు. విశాఖపట్నంలో ఒక ఆటసామాన్ల కొట్టు. నా చేతికి నల్లటి గడియారం, చొక్కా లోపల ఛాతీకి ఒక పట్టీ. గడియారం అద్దంలో చిన్న గుండె బొమ్మ ఆరుతూ వెలుగుతోంది. పక్కన ఎనభై ఏడు అని అంకె. నేను కదిలితే అంకె కదులుతోంది, నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తోంది. పదిహేడేళ్లుగా నా లోపల ఇంత పని జరుగుతుంటే నేను ఒక్కసారైనా పలకరించలేదే అనిపించింది. నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

తొంభైల చివరి మాట ఇది. చోడవరంలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ మూడువేల మీటర్లు పరిగెత్తేదాన్ని. నెలన్నరలో జిల్లా జట్టు ఎంపిక ఉంది. మా డ్రిల్లు మాస్టారు పరుగు ఆపగానే మెడ దగ్గర రెండు వేళ్లు పెట్టుకోమని, పది సెకన్లు లెక్కపెట్టి ఆరుతో హెచ్చవేయమని చెప్పేవారు. రొప్పుతూ హెచ్చవేతలు చేయడం నా వల్ల అయ్యేది కాదు. ఒకనాడు ఏకంగా మూడువందలు చెప్పాను. ఆయన నా ముఖం చూసి, బతికే ఉన్నావు కదమ్మా, మళ్లీ లెక్కపెట్టు అన్నారు. పెద్ద ఊళ్లలో ఛాతీకి పట్టీ కట్టుకుని పరిగెత్తుతారని, అది చేతి గడియారానికి గుండె లెక్క చెబుతుందని ఆయన నోటే మొదటిసారి విన్నాను.

ఆ మాట మావయ్యకి చెప్పాను. మా అమ్మ తమ్ముడు, విశాఖలో ఫ్యాక్టరీ ఉద్యోగం. నాకంటే ఆయనకే ఆ వస్తువు అవసరమని అప్పుడు నాకు తెలియదు. అమ్మ నన్ను పరుగు మానిపించాలని చూస్తోంది. అంతకు నాలుగేళ్ల ముందు మా నాన్న చెరుకు తోట పక్కన కాలవ గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు. చుట్ట పూర్తి కాలేదు. అప్పటికి ఆయనకి నలభై రెండు. గుండె ఆగిపోయిందన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరైనా మెట్లెక్కి రొప్పినా అమ్మ చేతిలో పని ఆపేసేది. తండ్రి గుండే కూతురికీ వస్తుందని ఎవరో ఆమె చెవిలో వేశారు. నీ కూతురి గుండె గట్టిదని అంకెల్లో చూపిస్తాను, అప్పుడు ఆపవు కదా అని మావయ్య అక్కతో పందెం వేశాడు. అమ్మ సరేనంది. నా పరుగు ఆ ఒప్పందం మీద ఆధారపడి ఉంది.

కొట్టులో రెండు రకాలు చూపించారు. ఒకటి ఉత్త గడియారం. దాని అద్దం మీద వేలు పెట్టి కాసేపు ఉంటే అంకె వస్తుంది. రెండోది పట్టీ ఉన్నది. మావయ్యకి మొదటిదే నచ్చింది. ఆడపిల్ల ఛాతీకి పట్టీ కట్టుకోవడమేమిటని పైకి అనలేక, ఇది తేలిగ్గా ఉంది చూడమ్మా అన్నాడు. నేను మొండిదాన్ని. రెండూ పెట్టుకుని కొట్టు మెట్లు మూడుసార్లు ఎక్కి దిగాను. వేలు పెట్టేదానికి ఆగాలి, ఆగి కదలకుండా ఉండాలి, అది లెక్క తేల్చేలోపు గుండె సగం చల్లబడిపోతుంది. వర్షం వెలిశాక గొడుగిచ్చినట్టు ఉంది దాని వ్యవహారం. పట్టీది మెట్టు మెట్టుకీ నాతోపాటు ఎక్కింది. మావయ్య తనూ చూస్తానని తెర వెనక్కి వెళ్లి కట్టుకుని వచ్చాడు. ఊరికే నిలబడ్డవాడికి నూటపన్నెండు చూపించింది. పట్టీదే కొన్నాడు, తర్వాత వారం రోజులు సిగరెట్టు ముట్టలేదు.

కొట్టాయన రెండు జాగ్రత్తలు చెప్పాడు. పట్టీ లోపలివైపు నల్లటి రబ్బరు ముక్కలు తడిగా ఉంటేనే పలుకుతాయి. గడియారం పట్టీకి రెండు మూరల దూరం దాటితే అంకె పోయి సున్నాలు పడతాయి. మిగతాదంతా పుస్తకంలో ఉంది, చదువుకోండి అన్నాడు.

ఆ పుస్తకాన్ని మేం చదవలేదు. కొత్త వస్తువు కదా, అమ్మ డబ్బాకి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టింది. పుస్తకానికీ పెట్టింది. చదువు తాలూకు వస్తువని దాన్ని దేవుడి పటం వెనక భద్రంగా నిలబెట్టింది. రోజూ దీపంతోపాటు దానికీ ఒక దండం. నాకూ ఆ ఇంగ్లీషు అక్షరాలు చూస్తే భయమే, అక్కడే ఉండనిమ్మన్నాను. మొదటి రోజు రబ్బరు ముక్కల్ని నాలుకతో తడి చేయబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. బొట్టు పెట్టిన వస్తువుని ఎంగిలి చేస్తావా అని తిట్టి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. పట్టీ మగవాళ్ల కొలతది, జారిపోతుంటే దాన్ని మడతపెట్టి తనే కుట్టేసింది.

పదిరోజులు వైభోగంగా గడిచాయి. కూర్చుంటే అరవై రెండు. నడిస్తే తొంభై. కాలవ గట్టు ఎక్కి పరుగందుకుంటే నూటయాభై. మాస్టారు నూటడెబ్బై దాటకుండా పరిగెత్తమంటే దాటకుండా పరిగెత్తేదాన్ని. అంతకుముందు నా పరుగంతా కాళ్లదే అనుకునేదాన్ని. అమ్మకి చదువు రాదు గానీ చెరుకు తూకం చీటీల పుణ్యమా అని అంకెలు బాగా వచ్చు. నేను ఇంటికి రాగానే గడియారం తన చేతిలోకి తీసుకుని, అంకె దిగడం చూసేది. అది డెబ్బైలోకి వచ్చేదాకా నన్ను మంచినీళ్లు కూడా తాగనిచ్చేది కాదు.

ఆ తర్వాత మాస్టారు దారి మార్చారు. గట్టు వెంబడి మా చెరుకు తోట దాటి వంతెన దాకా వెళ్లి వెనక్కి రావాలి, చివర మా తోట దగ్గర వేగం పెంచాలి. పెంచాను. గడియారం చూస్తే రెండువందల ముప్పై మూడు. మర్నాడు మళ్లీ అక్కడే, రెండువందల ఇరవై చిల్లర. నేను తెలివితక్కువదాన్ని, గొప్ప పని చేశాననుకుని ఇంటికొచ్చి చెప్పాను.

అమ్మ ఎక్కడ అని అడిగింది. మన తోట దగ్గర, గట్టు మీద అన్నాను. నాన్న చుట్ట వెలిగించుకున్న గట్టు అదే. నాకు అది తెలుసు, కానీ తట్టలేదు. ఆ చోటు మంచిది కాదని, మనిషిని తీసుకుపోయిన గాలి అక్కడే ఉందని ఆమె అప్పటికప్పుడు తేల్చేసింది. ఆ రోజుతో పరుగు బంద్.

మాస్టారు వచ్చి మెడ మీద వేళ్లతో లెక్కపెట్టించి నూటడెబ్బై ఆరే అని చూపించారు. పట్టీ జారి ఉంటుందన్నారు. మావయ్య నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన గొట్టం పెట్టి విని, శుభ్రంగా ఉంది అన్నాడు. అమ్మ ఎవరి మాటా వినలేదు.

"ఆ గొట్టంలోది డాట్రుబాబుకే ఇనిపిస్తాది. ఈ అంకె మనందరికీ అగుపిస్తంది," అంది మావయ్యతో. తర్వాత నావైపు తిరిగింది. "మీ అయ్య గుండె నాకు సెప్పకండా ఆగిపోనాది. నీది సెప్తంది కదే. ఇనకపోతే ఎలాగ?"

అమ్మ మీద కోపం, ఆ వస్తువు కొనిపించినందుకు నా మీద నాకే కోపం. గుండె గట్టిదని చూపించడానికి తెచ్చుకున్నదే నా కాళ్లకి సంకెల వేసింది. కంచం ముందు కూర్చుని లేచిపోయేదాన్ని.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం అమ్మకి తోటలోకి అన్నం పట్టుకెళ్లాను. చెరుకు కొట్టుడు జరుగుతోంది. ఆమె తిని చెయ్యి కడుక్కుని, ఆ పట్టీ తెచ్చి నాకు కట్టు అంది. ఎందుకని అడిగాను.

"ఆ సోటు నన్నేటి సేస్తాదో సూస్తాను. తీసుకుపోతే నన్ను తీసుకుపోనీ, నిన్నెందుకు?"

ఇంటికి పరుగున వెళ్లి తెచ్చాను. మోపుల చాటున నీళ్లతో తడిపి రవిక కింద కట్టాను. గడియారం ఆమె చేతికి పెట్టాను. చెట్టు నీడన కూర్చున్న మా అమ్మ గుండె యాభై ఆరు. నేను కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. సంవత్సరమంతా పరిగెత్తిన నాకు అరవై రెండు, జన్మలో పరుగన్నది ఎరగని ఆమెకి యాభై ఆరు. ఆమె లేచి చెరుకు మోపు నెత్తికెత్తుకుని బండిదాకా నడిచింది, నేను పక్కనే నడుస్తూ చూశాను. నూటనలభై రెండు. మోపు దించింది. నేను ఇరవై లెక్కపెట్టేలోపు నూటపది, నిమిషం గడిచేసరికి డెబ్బై ఎనిమిది. పెద్ద పెద్ద పరుగువాళ్ల గుండెలు కూర్చుంటే నెమ్మదిగా కొట్టుకుంటాయని, పరుగు ఆపగానే చప్పున దిగుతాయని మాస్టారు చెప్పగా వినే ఉన్నాను. అలాంటి గుండె మా ఇంట్లోనే ఉంది, పొద్దున్నే లేచి నాకు చద్దన్నం పెట్టి తోటకి పోతోంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె, అంకె ఎక్కువయిందేటే అని కంగారుపడింది.

తర్వాత గట్టు వైపు నడిచింది. నేను చెయ్యి పట్టుకుంటే విదిలించింది. గట్టెక్కి నాన్న కూర్చున్న చోటికి వెళ్లి నిలబడింది. గడియారం చూసుకుంది. నావైపు చెయ్యి చాపింది. రెండువందల ముప్పై ఒకటి.

ఆమె కూలబడుతుందనుకుని నేను దగ్గరికి వెళ్లాను. ఆమె కూలబడలేదు. రొప్పడం లేదు, చెమట లేదు. చెయ్యి గుండె మీద వేసుకుని కాసేపు విన్నట్టు నిలబడింది. పది అడుగులు వెనక్కి నడిచింది. డెబ్బై నాలుగు. మళ్లీ ముందుకి వచ్చింది. రెండువందల ఇరవై ఆరు. వెనక్కి. డెబ్బై ఐదు. తూకం మీద నమ్మకం లేని రైతు బస్తా దించి ఎక్కించినట్టు ఆరేడుసార్లు అటూ ఇటూ నడిచి, చివరికి తల పైకెత్తింది. నేనూ ఎత్తాను. మా నెత్తి మీద పెద్ద కరెంటు స్తంభాల తీగలు కాలవకి అడ్డంగా పోతున్నాయి, సన్నగా గుయ్యిమంటూ. అవి నాన్న పోయిన తర్వాతే వేశారు.

"గాలీ లేదు, దూళీ లేదు," అంది అమ్మ. "ఆ తీగలు దీనికి పిచ్చెక్కిస్తన్నాయి."

ఇంటికెళ్లి పటం వెనకనుంచి పుస్తకం తీశాను. పసుపు మరకల మధ్య, డిక్షనరీ పక్కన పెట్టుకుని గంటసేపు కుస్తీ పడితే ఆ ముక్క దొరికింది: పెద్ద కరెంటు తీగల దగ్గర అంకెలు తప్పుగా రావచ్చు. అక్షరం ముక్క రాని అమ్మ ఆ పేజీని పది అడుగులు అటూ ఇటూ నడిచి చదివేసింది. నేను ఇంటర్ చదువుతూ దానికి దండం పెట్టుకున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గు, దానికి మించి ఆశ్చర్యం.

అయినా ఆమె పరిగెత్తమని అనలేదు. మర్నాడు తెల్లవారగానే నన్ను లేపింది. పట్టీ తడిపి తనే కట్టింది. గడియారం మాత్రం ఇవ్వలేదు, తన చేతికి పెట్టుకుంది. నా నోటి లెక్క కాదని, తన కళ్లతో చూడాలని అంది. అలాగైతే నువ్వు రెండు మూరల లోపే ఉండాలమ్మా అన్నాను. ఉంటాను అంది. గట్టెక్కాక కుచ్చిళ్లు ఎగదోపి, నాట్లకి దిగినట్టు గోచీ బిగించింది.

మేమిద్దరం పరిగెత్తాం. ఆమె చెప్పుల్లేకుండా, నా ఎడమ పక్కన, ముంజేతిని నా పక్కటెముకలకి ఆనించినంత దగ్గరగా. నూటఇరవై, నూటముప్పై ఎనిమిది అని బస్సు నంబర్లు చదివినట్టు పైకి చదువుతోంది. కొట్టుడుకి పోతున్నవాళ్లు కత్తులు దించి మరీ చూశారు. నూటయాభై నాలుగు దగ్గర ఆమె గొంతు తెగుతోంది, అయినా చదువుతోంది. నా గుండె ఆమె చేతి మీద ఉందన్న సంగతి అప్పుడు నిజంగా నాకు అర్థమైంది. ఆమె కోసం వేగం తగ్గించాను. ఒక్క అడుగులో కనిపెట్టేసింది.

"నాకోసం ఆగకు. నీ లెక్కలో నువ్వు ఎల్లు."

వెళ్లాను. ఇరవై ముప్పై అడుగులు వేశాక గుర్తొచ్చింది, ఆమె చేతి మీద ఈపాటికి సున్నాలు పడి ఉంటాయి. నాలుగేళ్లుగా ఆమె భయపడుతున్న అంకె అదే. వెనక్కి తిరిగాను. ఒక చెయ్యి మోకాలి మీద ఆన్చి, వంగి, రెండో చేతి గడియారాన్నే చూస్తోంది. నా కాళ్లు ఆగబోయాయి. ఆమె తలెత్తింది. గడియారం ఉన్న ఆ చేతినే పైకెత్తి, పో అన్నట్టు ముందుకి ఊపింది.