దొర దగ్గు

ఘనపూర్ బడిలో నాతో చదివిన బద్మాష్ దోస్తులారా, గుర్తుందా? దొర ఒకప్పుడు ఉన్న పాడుబడ్డ గడీ గోడ వెనక నక్కి నేను ఆయనలా దగ్గేవాణ్ణి. దొర పట్నం పారిపోయి ఏళ్లయినా, ఆ దగ్గు వింటే చాలు, మా బాపు చెప్పులు విప్పి చేత పట్టుకునేవాడు. మనం పడీపడీ నవ్వేవాళ్లం.

ఊరంతా దొర భూమిని పంచుకున్నప్పుడు మాకు నాలుగెకరాలు వచ్చాయి. "కాగితంల పేరు మార్పిచ్చుకోరాదు?" అని అవ్వ పోరితే, "దొర మల్ల వస్తడా ఏంది?" అనేవాడు బాపు.

నిన్న మా చేను గట్టున కారు ఆగింది. దొర మనవడు దిగాడు.

"అన్నా, గీ భూమి ఇంకా మా తాత పేరు మీదనే ఉన్నది. రేపు సర్వేయర్ వస్తడు, జర ఉండు."

అని దగ్గాడు. అచ్చం తాత దగ్గే.

నవ్వబోయి కిందికి చూశాను. నా చెప్పులు అప్పటికే చేతిలో ఉన్నాయి.