యాభై దాటని లారీ

అందరూ ఆమెను నత్తమ్మ అనేవారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు, కోపం ఆవిడకు ముక్కు మీదే ఉండేది. పాతబడిందని సైన్యం వేలంలో అమ్మేసిన ఓ లారీని కొనుక్కుని, భర్త పోయిన నాటినుంచీ ఇటుకలూ కంకరా తోలుతూ ఇద్దరు ఆడపిల్లలను పెంచుకొస్తోంది.

హైవే మీద ఆ లారీని యాభై దాటనిచ్చేది కాదు. ఎవరైనా వేళాకోళం చేస్తే విరుచుకుపడేది.

"ఇది బురదలో లాగడానికీ కొండలెక్కడానికీ పుట్టిన బండి. గేర్లు అలా పెట్టారు. యాభై దాటితే ఇంజిను గొంతు చించుకుంటుంది, ఆ లావు టైర్లు పెనంలా కాలిపోతాయి. బలముంది కదా అని పరుగెత్తమంటే ఎలా?"

వెనకాల పసుపు లైటు మిణుకుమిణుకుమంటుండగా అంచు లైనులో తన దారిన తాను పోయేది. మధ్యమధ్య ఆపి, దిగి, ఒక్కొక్క చక్రం నడిమధ్యన అరచెయ్యి ఆనించేది. చెయ్యి ఉంచలేనంత వేడిగా ఉంటే, చల్లారేదాకా కదిలేది కాదు. హారన్లు కొట్టేవాళ్లు కొట్టుకోవలసిందే.

ఆమె అక్క మొగుడిది అచ్చం అలాంటి లారీయే. ఆయన మాత్రం దాన్ని ఎనభైలో తోలి, ఆ సంగతి మీసం మెలేసి మరీ చెప్పుకునేవాడు.

అలాంటి లారీలు దారి మధ్యలో ఆగిపోతున్నాయని హైవే అధికారులు వాటిని నిషేధించబోయారు. డ్రైవర్లు కాళ్లావేళ్లా పడితే ఒక్క అవకాశమిచ్చారు. నిండు లోడుతో రేవుదాకా రావాలి. సాయంత్రం గేటు మూసేలోగా చేరిన బండిని తనిఖీ చేసి, బాగుంటేనే పర్మిట్. లేదంటే తుక్కు కిందికే. నత్తమ్మకు ఆ లారీ తప్ప వేరే బతుకుతెరువు లేదు.

బయలుదేరేటప్పుడు బావ నవ్వాడు. "మరదలా, నువ్వొచ్చేసరికి నేను పర్మిట్ తీసుకుని ఓ కునుకు కూడా తీసేస్తాను!"

అక్క మాత్రం చెల్లెలి లారీ ఎక్కింది. "మీ బావ పక్కన కూర్చుంటే ఉన్న పళ్లు కూడా ఊడిపోతాయే," అంది.

పొద్దు వాలేకొద్దీ ఆ అక్కకే కాలు నిలవలేదు. "కాస్త తొక్కవే తల్లీ! గేటు మూసేస్తే నీ గతేం కాను?"

నత్తమ్మకూ భయమేసింది. పిల్లలు గుర్తొచ్చారు. కాలు దానంతటదే నొక్కింది. ముల్లు అరవై దగ్గరికి రాగానే స్టీరింగు చేతుల్లో గజగజలాడింది, బండి అంతా మూలిగింది. చప్పున కాలు సడలించి, "నోరు మూసుకుని కూర్చో అక్కా," అంది. యాభై మీదే పోనిచ్చింది.

కొంత దూరం పోయాక, రోడ్డు పక్కన బిక్కమొహం వేసుకుని బావ కనిపించాడు. వెనక టైరు పేలికలైపోయింది. స్టెప్నీ అంతకుముందే పేలిందట. పోనీలెమ్మని సాగిపోవచ్చు. తన స్టెప్నీ ఇచ్చేస్తే, తన టైరు పేలిననాడు తనకు దిక్కులేదు. నత్తమ్మ పళ్లు కొరుకుతూనే దిగి, స్టెప్నీ దొర్లించుకొచ్చింది.

"తీసుకోండి బావా. కానీ నా వెనకే రావాలి. నన్ను దాటారో, నడిరోడ్డు మీద ఆ టైరు విప్పుకుపోతాను."

గేటు కాపలాదారు తాళం చేతిలోకి తీసుకున్న క్షణాన రెండు లారీలూ లోపలికొచ్చాయి. ముందే చేరిన బళ్లు బానెట్లు తెరుచుకుని ఆవిర్లు కక్కుతున్నాయి. తనిఖీ అధికారి నత్తమ్మ లారీ కిందికి దూరాడు, టైర్లు తడిమాడు, ఇంజిను మళ్లీ మళ్లీ ఆడించాడు.

"ఇంత లోడుతో వచ్చినట్టే లేదే! ఎంతలో తోలారమ్మా?"

"యాభై."

అధికారి పర్మిట్ మీద ముద్ర గుద్దాడు. వేగం అన్నచోట యాభై అని రాశాడు. బావ బండికీ ముద్ర పడింది, అక్కడా యాభయ్యే.

"సార్, రేపట్నుంచి నేను మా మరదలు ఎంతలో తోలమంటే అంతలోనే!" అని బావ అందరి ముందూ చేతులు జోడించాడు. డ్రైవర్లు ఈలలు వేశారు.

ఆమెకు అవేవీ వినిపించలేదు. పర్మిట్ పట్టుకుని లారీ మెట్టెక్కింది. కళ్లనీళ్లు ధారగా కారుతుంటే తుడుచుకోకుండా, రేవంతా దద్దరిల్లేలా అరిచింది.

"బతికిందక్కా! నా బండి బతికింది!"