తెల్లగుడ్డ మీద పాలు

ధర్మవరంలో ఎక్కిన ప్యాసింజరు రైలు ఇంకా ఊరు దాటనేలేదు, పక్కనే కూర్చున్న తల్లి భుజం మీది పసివాడు నా చీర మీద పాలు కక్కాడు. పుల్లగా, వెచ్చగా ఆ వాసన ముక్కుకు తగిలింది. ఆ తల్లి పాపం సిగ్గుతో చితికిపోయి, "ఏమనుకోవద్దక్కా" అంటూ కొంగుతో గబగబా తుడవబోయింది. నేను ఆమె చెయ్యి పట్టేసుకున్నాను. "ఆగమ్మా, తుడవద్దు. చూడనీ" అన్నాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. చూడదా మరి! చీర పాడైతే తిట్టేవాళ్లను చూసి ఉంటుంది కానీ, వంగి వంగి ఆ మరకనే చూసుకునే మనిషిని ఎక్కడ చూసి ఉంటుంది? ఈ పిచ్చి నాకు అంటించింది వసుంధరమ్మగారు.

ఆమె పెనుకొండలో పిల్లల డాక్టరు. నర్సు చదువు ముగించి నేను మొట్టమొదట పనిలో చేరింది ఆమె దగ్గరే. సన్నటి మనిషి, పెద్ద గొంతు, ఎప్పుడూ నలిగిన నూలు చీర. ధైర్యం చెప్పడం ఆమెకు చేతకాదు. "ఏం ఫరవాలేదు" అనే మాట ఆమె నోట అంత సులభంగా వచ్చేది కాదు. పాలు కక్కే పసిబిడ్డ వచ్చాడంటే ఆ ముఖంలో రంగు మారిపోయేది. పసిపిల్లలన్నాక కక్కరా, దీనికింత కంగారెందుకని నేనొకసారి అడిగాను. "కక్కేవాళ్లలో చానామందికి ఏమీ ఉండదు కరుణా. ఆ చానామంది మధ్యలోనే ఒకడు దాక్కోనుంటాడు. వాణ్ణి యాడ వెతికేది, చెప్పు?" అంది. ఆ ప్రశ్నతో నా నిద్ర కూడా పోయింది.

ఆమె గదిలో ఒక చెక్కపెట్టె ఉండేది. దాని నిండా ఉతికి మడిచిన పాత తెల్లపంచెల ముక్కలు. మా వైపు ఆడవాళ్లకు బిడ్డను డాక్టరు దగ్గరికి తీసుకుపోవడమంటే పేరంటానికి పోవడమంత పని. తలకు పోసి, పౌడరు రాసి, కాటుక దిద్ది, కొత్త టోపీ పెట్టి తెస్తారు. కక్కిన గుడ్డలన్నీ ఉతికి ఆరేసి మరీ బయలుదేరుతారు. మురికి గుడ్డతో డాక్టరమ్మ ముందుకు ఎలా పోతామని సిగ్గు. వసుంధరమ్మగారికి కావలసింది ఆ మురికే. కక్కింది ఆకుపచ్చగా ఉంటే పేగు మెలిపడిందేమోనని అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. తెల్లగా ఉంటే ఆలోచన వేరు. ముదురు రంగు చీర మీద పడితే ఏది తెలుపో ఏది పచ్చో ఎవరికి తెలుస్తుంది? అందుకే ఆ తెల్లగుడ్డలు.

ఒకరోజు మధ్యాహ్నం చెన్నేకొత్తపల్లి దగ్గరి పల్లె నుంచి శివమ్మ అనే అమ్మాయి తన తొలిచూలు కొడుకును తెచ్చింది. వెంట అత్త, బిడ్డకు అవ్వ. మగాళ్లు గొర్ల వెంబడి పోయారట. బిడ్డకు నెల దాటింది. పౌడరు కింద చెంపలు లోపలికి పోయి, నుదురు ముసలివాడిలా ముడతలు పడి ఉంది.

"ఎట్ల తాగుతాండాడు?" అంది డాక్టరమ్మ.

"బాగానే తాగుతాడమ్మా" అంది అవ్వ, శివమ్మను నోరెత్తనీయకుండా. "రోంత కక్కుతాడు. అంతే. పాలడబ్బా మార్చినాం, గ్రైప్ వాటరు పోసినాం. దిష్టి కూడా తీసినాం."

"కక్కిన గుడ్డ ఉండాదా?"

"అయ్యో, ఆ కంపు గుడ్డలు మీకాడికి తెస్తామా తల్లీ! అన్నీ ఉతికి ఆరేసొచ్చినాం."

డాక్టరమ్మ కళ్లు మూసుకుని తెరిచింది. బిడ్డ పొట్ట మీద చర్మాన్ని వేళ్లతో చిటికెడు పట్టి వదిలింది. ముడత వెంటనే సర్దుకోలేదు, ఒంట్లో నీరు తగ్గిపోయింది. "కక్కినాక ఏం చేస్తాడు?" అని ఈసారి శివమ్మనే అడిగింది. "మల్లా ఆకలని ఏడుస్తాడు మేడమ్" అంది ఆ పిల్ల, వినీ వినపడనట్టు. ఆ మాటకు డాక్టరమ్మ నా వైపు చూసింది. కక్కగానే మళ్లీ ఆకలంటున్నాడంటే పాలు కడుపు దాటి దిగడం లేదేమో. పెట్టె తెరిచి తెల్లగుడ్డలు తీశాను.

"ఈడనే పాలు పట్టు. నా ముందరే."

ఆ తర్వాత గడిచిన సేపును నేనెప్పటికీ మరిచిపోలేను. శివమ్మ పాలు పడుతోంది. బిడ్డ డాక్టరమ్మ గదిలో కక్కకూడదని ఆమె కోరిక. కక్కాలని మా కోరిక. అవ్వ అయితే తువ్వాలు చేతిలో పట్టుకుని, పడీపడగానే పట్టేసుకోవడానికి సిద్ధంగా నిలబడింది. ఎంతసేపటికీ ఏమీ కాలేదు. "చూసినారా, బాగానే ఉండాడు. సాయంత్రం బస్సు పోతే మల్లా లేదు, మేం పోతాం" అంది అవ్వ. "పోతే బిడ్డ పోతాడు!" అని డాక్టరమ్మ అరిచింది. తప్పుగా భయపెట్టానా అనే బెదురు ఆ ముఖంలో కనిపిస్తూనే ఉంది. అయినా ఆమె కుర్చీలోంచి కదల్లేదు. "ఇంగోసారి పట్టు తల్లీ" అని మెత్తగా అడిగింది.

రెండోసారి తాగుతుండగా పొట్ట మీద కనిపించింది. చర్మం కింద నిమ్మకాయ ఒకటి ఎడమ నుంచి కుడికి మెల్లగా దొర్లినట్టు ఒక ఉబ్బు. "కరుణా, చూస్తాండావా?" అంటూ డాక్టరమ్మ పక్కటెముకల కింద వేళ్లు నొక్కి, నా వేళ్లను అక్కడికి లాగింది. రేగుకాయంత గట్టి ఉండ తగిలింది. అంతలోనే పాలు చిమ్ముకుంటూ వచ్చి సగం తెల్లగుడ్డ మీద, సగం డాక్టరమ్మ చీర మీద పడ్డాయి. తెల్లటి పాలే. పచ్చ లేదు.

"కడుపు నుంచి పేగులోకి దిగే దారి బిగుసుకుపోయింది. పాలు దిగడమే లేదు. సెలైను పెట్టి బిడ్డ తేరుకున్నాక, హిందూపురంలో స్కానింగు తీసి, బెంగళూరుకు పంపుదాం. చిన్న ఆపరేషను" అని చెప్పింది. శివమ్మకు అందులో ఎంత వినపడిందో తెలియదు. ఏడుస్తూ తన కొంగుతో డాక్టరమ్మ చీర తుడవడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "నువ్వు తుడిచేది ఏమీ లేదమ్మా. వాని ఆకలి సంగతి చూసింది చూసినట్టు చెప్పినావు చూడు, నీ బిడ్డ జబ్బును పట్టిచ్చింది ఆ మాటే" అంది. ఆ చీరతోనే బెంగళూరు డాక్టరుకు ఫోను చేసింది, ఆ చీరతోనే సెలైను సూది కోసం ఆ చిన్ని చేతిలో నరం వెతికింది. నాకు ఆమె మీద అంత ప్రేమ మరెప్పుడూ కలగలేదు.

ఆపరేషను తర్వాత బిడ్డను చూపించడానికి వాళ్లు మళ్లీ వచ్చారు. బుగ్గలు నిండి ఉన్నాయి. అవ్వ ముసిముసిగా నవ్వుతూ ఒక సంచి నా చేతిలో పెట్టింది. వాళ్లాయన పాత పంచెలు, తెల్లగా ఉతికినవి.

వసుంధరమ్మగారు ఇప్పుడు లేరు. ఆ భయం మాత్రం నా దగ్గరే ఉంది, చేతిసంచిలో ఒక తెల్లగుడ్డతో సహా. రైల్లో నా చీర మీద పడినవి తెల్లగా విరిగిన పాలే. అయినా "బరువు పెరుగుతాండాడా? ఉచ్చ బాగా పోస్తాండాడా?" అని అడిగాను. "అంతా బాగానే ఉండాదక్కా" అంది ఆ తల్లి. ఆ 'బాగానే' అన్న మాట వింటే నాకు పడదు. గుడ్డ పరిచి, మళ్లీ పాలు పట్టమన్నాను. పిల్లాడు తాగాడు, త్రేన్చాడు, గుడ్డ తడవకుండానే నిద్రపోయాడు. నేను వాడి పొట్ట మీద నుంచి కళ్లు తీయలేదు. దిగవలసిన పెనుకొండ ఎప్పుడో దాటిపోయింది.

హిందూపురంలో దిగుతూ ఆ తెల్లగుడ్డ ఆమె చేతిలో పెట్టాను. "మల్లా కక్కితే దీని మీద కక్కనీ. అట్లే తీసుకపోయి డాక్టరుకు చూపించు" అన్నాను. సరేనని తలూపింది. పెనుకొండకు తిరుగు రైలు కోసం కూర్చున్నానే గానీ, ఆ తల్లి దాన్ని శుభ్రంగా ఉతికి మరీ తీసుకుపోతుందేమోనని నా భయం.