పిల్లుల పిన్ని పక్క కుర్చీ

పిల్లుల పిన్నికి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉండేది. దానితో పిలిచేవారు ఆ వీధిలో ఎవరూ లేరు. ఆమె ఎదురు వాటాలో నేను అద్దెకు దిగిన రోజున, మెట్ల మీద గోడకు అతుక్కుపోయి నాకు దారి ఇచ్చింది.

“కాస్త ఎడంగా వెళ్లండి టీచరుగారూ. మీకు పిల్లులు పడతాయో పడవో.”

“పిల్లి ఏదమ్మా?”

“నా ఒంటినిండా ఉంది,” అన్నది నవ్వకుండా.

పిల్లులు పడనివారికోసం టీకా తయారుచేసే ప్రయోగశాలలో ఆమెకు ఉద్యోగం. పిల్లులను దువ్వి, రాలిన వెంట్రుకలను, చుండును సీసాలలోకి ఎత్తాలి. ఏది ఊపిరి ఆడనివ్వదో దానినే శుద్ధిచేసి, అతి కొద్దిగా మొదలుపెట్టి, మెల్లమెల్లగా పెంచుతూ సూదితో ఎక్కిస్తే, ఒళ్లు దానికి అలవాటు పడుతుందని ఆమే నాకు వివరించింది.

భర్త పోయిన తరువాత దొరికిన ఆధారమది. చేరిన కొద్దికాలానికే చంటిబిడ్డకు ఉబ్బసం పట్టుకుంది. తల్లి ఎంత రుద్ది స్నానం చేసివచ్చినా, ఎత్తుకోగానే బిడ్డ ఛాతీలో పిల్లికూతలు. “టీకా వచ్చేదాకా నా దగ్గర ఉంచుకుంటాలే,” అని అక్క తీసుకువెళ్లింది.

టీకా రాలేదు. ఒక చలికాలం ఆమె విరామ సమయాలలో స్వెటరు అల్లి, పదేపదే ఉతికి పంపింది. తొడిగిన పూటే బిడ్డను ఆసుపత్రిలో చేర్చవలసివచ్చింది. “నీ ప్రేమ దాని ప్రాణం మీదికి తెచ్చిందే. ఇంకేమీ పంపకు,” అని అక్క కబురు పెట్టింది. అటుపైన ఆమె కూతురిని వీధికి అవతలి వైపునుండి మాత్రమే చూసేది.

ఉద్యోగం మానకూడదా అని ఒకసారి అడిగాను.

“రేపో మాపో వచ్చేస్తుందంటున్నారండీ. ఇప్పుడు మానేస్తే ఇన్నాళ్లూ దాన్ని వదిలి ఉన్నదంతా ఊరికే పోదూ? అది నా పక్కన ఊపిరి పీల్చుకుంటూ కూర్చుంటే చాలు నాకు.”

రేపూ మాపూ గడిచి కూతురు పెద్దదైంది. టీకాను మనుషులమీద పరీక్షించేవేళకు తనంతట తానే ముందుకు వచ్చింది. కొందరికి మందు, కొందరికి ఉత్త ఉప్పునీళ్లు. ఎవరికేది ఎక్కుతున్నదో సూది వేసే డాక్టరుకు కూడా తెలియనివ్వరు.

“మా పిల్లకు ఏది పడిందో చెప్పండి బాబూ,” అని బతిమాలితే, “అది తెలుసుకుంటే నా ఉద్యోగం ఊడుతుందమ్మా. నేనూ వచ్చి మీతోబాటు పిల్లులు దువ్వుకోవాలి,” అన్నాడట.

సూదులన్నీ పూర్తయిన తరువాత ఒక ఆదివారం ఆ అమ్మాయి వచ్చింది. నేను టీ తీసుకుని వెళ్లేసరికి తల్లీ కూతుళ్లు పక్కపక్క కుర్చీలలో కూర్చుని ఉన్నారు. తల్లి చూపు కూతురి ఛాతీమీదనుండి కదలలేదు. ఎంతసేపటికీ కూత వినిపించలేదు.

“ఊపిరి బాగానే ఆడుతోంది పిన్నీ. కంగారు పడకండి.”

పెద్దమ్మను అమ్మా అంటూ పెరిగిన పిల్లకు కన్నతల్లి పిన్ని అయింది. ఆమె సరిదిద్దలేదు, టీలో చక్కెర చాలిందా అని అడిగింది. చాలిందన్నది కూతురు. ఆపైన ఇద్దరూ కప్పులవైపు చూస్తూ ఉండిపోయారు.

సాయంత్రం ఆమె గోడకు అతుక్కోకుండా నేరుగా నా గుమ్మంలోకి వచ్చి, నన్ను ఒకటి కోరింది.

“వచ్చే ఆదివారం మళ్లీ వస్తానంది టీచరుగారూ. మీరూ వచ్చి మా దగ్గర కూర్చోరూ? జబ్బు సంగతి అయిపోయాక మాకు మాటలు దొరకడం లేదు. మొదటి మాట మీరు అందిస్తే చాలు.”